గయానా ఎయిర్‌వేస్ ఏమైంది? ఇప్పుడు అడవి ఊళ్లకు విమానాలు ఎవరు నడుపుతున్నారు?

మీరు రెండు సంగతులు అడిగారు: గయానా ఎయిర్‌వేస్ ఎలా మూతపడింది, అది పోయిన తరువాత దేశం లోపలి ఊళ్లకు విమానాలు ఎలా నడుస్తున్నాయి అని. మన ప్రాంతం నుంచి దక్షిణ అమెరికాలోని గయానాకు వైద్యం చదవడానికి వెళ్లేవారు చాలామందే ఉన్నారు. నేనూ దాని రాజధాని జార్జ్‌టౌన్‌లో చదివినవాణ్ణే. శిక్షణ కోసం కొన్నిసార్లు, సెలవుల్లో మరికొన్నిసార్లు ఈ చిన్న విమానాల్లో ప్రయాణించాను కనుక రెండో ప్రశ్నకు చాలావరకు చూసినదే చెబుతాను.

1930లలో ఆర్ట్ విలియమ్స్ అనే అమెరికన్ పైలట్, హ్యారీ వెండ్ట్‌తో కలిసి బ్రిటిష్ గయానా ఎయిర్‌వేస్‌ను మొదలుపెట్టాడు. అడవిలో రన్‌వేలు లేని కాలం కాబట్టి నదుల మీద వాలే నీటి విమానాలతోనే పని నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత డకోటాలు అనే రెండు ఇంజిన్ల విమానాలు వచ్చాయి. అవి ఎక్కువగా మోసింది మాంసాన్ని. దక్షిణాన రుపునుని గడ్డిమైదానాల్లో పెంచిన పశువులను అంతకుముందు అడవి గుండా నరికిన బాట వెంట వారాల తరబడి తీరానికి తోలుకొచ్చేవారు. దారిలో కొన్ని చచ్చేవి, మిగిలినవి చిక్కిపోయేవి. ఆ మైదానాల్లోని లెథెమ్ ఊళ్లోనే కోసి మాంసాన్ని విమానంలో పంపడం మొదలయ్యాక ఆ బాట అవసరమే లేకుండా పోయింది. నా దృష్టిలో ఆ సంస్థ చేసిన అసలైన పని ఇదే.

1955లో ప్రభుత్వం దాన్ని కొన్నది, తరువాత అది గయానా ఎయిర్‌వేస్ అయింది. 1966లో స్వాతంత్ర్యం వచ్చాక జాతీయ సంస్థ అన్నాక విదేశాలకు ఎగరాలన్న కోరిక సహజంగానే బలపడింది. అద్దెకు తెచ్చిన పెద్ద జెట్ విమానాలతో, 1990లలో బోయింగ్ 757తో, న్యూయార్క్ వంటి చోట్లకు నడిపారు. వలస వెళ్లిన గయానీయులు పండుగల సమయంలో విమానాలు నింపినా, అద్దె మాత్రం ఏడాది పొడవునా కట్టవలసిందే. అప్పట్లో మొత్తం జనాభా ఎనిమిది లక్షలు కూడా లేని దేశానికి అది మోయలేని భారమని నా అభిప్రాయం. 1999లో ప్రైవేటుపరమై గయానా ఎయిర్‌వేస్ 2000 అన్న పేరుతో కొనసాగిన సంస్థ 2001లో ఆగిపోయింది.

లోపలి సర్వీసులు మాత్రం ఆగలేదు. ట్రాన్స్ గయానా, ఎయిర్ సర్వీసెస్, రొరైమా వంటి ప్రైవేటు సంస్థలు ఆ పనిని నడిపిస్తున్నాయి. వీటి స్థావరం జార్జ్‌టౌన్ నగరానికి తూర్పున తీరం వెంబడి ఉన్న ఓగల్. ఒకప్పుడు చెరకు ఎస్టేటు వాళ్ల ఎయిర్‌స్ట్రిప్ అయిన ఆ చోటు ఇప్పుడు యూజిన్ ఎఫ్. కొరియా పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయం; ట్రాన్స్ గయానా కూడా కొరియా కుటుంబానిదే. పెద్ద జెట్‌లు దిగేది నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో తిమెహ్రీ వద్ద ఉన్న చెడ్డీ జగన్ విమానాశ్రయంలో. మొదటిసారి వెళ్లేవారు ఈ రెంటి మధ్య పొరబడితే టాక్సీ ఖర్చు గట్టిగానే పడుతుంది.

ఓగల్‌లో మీ సంచితో పాటు మిమ్మల్ని కూడా తూకం వేస్తారు. ఒకే ఇంజిన్ ఉన్న పన్నెండు, పదమూడు సీట్ల సెస్నా క్యారవాన్‌లో ఇది లాంఛనం కాదు: పొట్టి రన్‌వే మీద, వేడి గాలిలో, ఎంత బరువుతో లేవగలదో లెక్క కట్టిన తరువాతే ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెబుతారు. నేను వెళ్లినప్పుడు సామానుకు ఇరవై పౌండ్ల పరిమితి ఉండేది. అడవి ఎయిర్‌స్ట్రిప్‌లలో చాలావాటికి దీపాలు లేవు, పైలట్ నేలను కళ్లతో చూసే దిగాలి. అందువల్ల పొద్దున పొగమంచు పడితే బయలుదేరడం ఆలస్యమవుతుంది, సాయంత్రానికి అన్ని విమానాలూ వెనక్కి చేరాలి. మే నుంచి ఆగస్టు వరకు వానల కాలంలో వెళ్లేవారు మరుసటి రోజు ముఖ్యమైన పని ఏదీ పెట్టుకోకపోవడం మంచిది.

పర్యాటకులకు తెలిసింది 226 మీటర్ల ఎత్తు నుంచి దూకే కైయటూర్ జలపాతం ప్రయాణమే. కానీ ఈ సంస్థలకు ఎక్కువ పని గనుల నుంచి వస్తుంది. బంగారు గనులకు డీజిల్ పీపాలు, బియ్యం, యంత్రాల విడిభాగాలు వెళుతుంటాయి. పెద్ద విమానం దిగగల మహ్డియా వంటి చోట సరుకు దించి, అక్కడి నుంచి చిన్న విమానాలతో దగ్గరలోని ఎయిర్‌స్ట్రిప్‌లకు మళ్లీ మళ్లీ మోస్తారు. దీన్ని అక్కడ షటిల్ అంటారు. పాము కాటు, కష్టమైన కాన్పు, గని ప్రమాదం వంటి కేసులను నగరంలోని ఆసుపత్రికి చేర్చేదీ ఈ విమానాలే. తిరుగు ప్రయాణపు సీట్లు తీసేసి స్ట్రెచర్ వేయడం నేను చూశాను. అటువంటప్పుడు టికెట్ ఉన్నవారు కిందే ఆగవలసి వస్తుంది, ఎవరూ గొడవ పెట్టుకోరు.

ఇక రోడ్డు వస్తే వీటి పని ముగుస్తుందా అన్న మీ అనుమానం. లిండెన్ నుంచి లెథెమ్ వెళ్లే మట్టిదారిలో మబురా వరకు 121 కిలోమీటర్ల భాగాన్ని పక్కా రోడ్డుగా మార్చే పని 2022లో మొదలైంది. అది లెథెమ్ దాకా పూర్తయితే ఆ ఊరి విమానాలకు ప్రయాణికులు తగ్గుతారు, లెథెమ్ దగ్గర బ్రెజిల్‌లోకి దాటించే టకుటు నది వంతెన 2009 నుంచే ఉంది కాబట్టి సరుకు లారీలకు మళ్లుతుంది. పకరైమా కొండల్లోని కాటో, పరమకటోయ్, కమరాంగ్ వంటి ఊళ్ల సంగతి వేరు. అక్కడికి ఆ రోడ్డు వెళ్లదు. ఆ సర్వీసులు ఇప్పట్లో తగ్గుతాయని నేను అనుకోను.