ట్రయథ్లాన్ సీజన్ కోసం డిపాజిట్ తీసేయొచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పోయిన సీజన్‌లో రెండు హాఫ్ డిస్టెన్స్ ట్రయథ్లాన్లు (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే రేసులు, సగం దూరంవి) నా రోడ్ బైక్ మీద పూర్తి చేశాను. ఆ బైక్ ఇంకా బాగానే ఉంది. ఈసారి ఫుల్ డిస్టెన్స్ చేయాలని ఉంది. రేసుకు పది నెలల టైముంది. టైమ్ ట్రయల్ బైక్ (ముందుకు వంగి వేగంగా తొక్కే రేసు సైకిల్), వెట్‌సూట్ (చల్లని నీళ్లలో ఈతకు వేసుకునే రబ్బరు సూట్), కోచ్ ఫీజు, ఎంట్రీ, ప్రయాణం అన్నీ కలిపితే నా నాలుగు నెలల జీతమంత తేలింది. అందులో సగం బైకే. అత్యవసరాలకని వేసుకున్న డిపాజిట్‌లో ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా ఉంది. దాంట్లో సగం తీసి బైక్ కొందామని, నెలనెలా జీతంలో ఐదో వంతు చేస్తున్న మదుపును ఆపేసి మిగతా ఖర్చు గడుపుదామని ఆలోచన. రేసయ్యాక మదుపు మళ్లీ మొదలుపెడతాను. ఇది తప్పా? మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

జవాబు: మదుపు కొన్నాళ్లు తగ్గించుకోండి, ఫర్వాలేదు. డిపాజిట్ మాత్రం ముట్టుకోవద్దు.

ఫుల్ డిస్టెన్స్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. వీటికి సిద్ధమయ్యే పది నెలల్లో మోకాలు పట్టేయొచ్చు, సైకిల్ మీంచి పడి కాలర్‌బోన్ విరగొచ్చు, రెండు వారాలు ఆఫీసుకు వెళ్లలేకపోవచ్చు. మామూలు రోజుల్లో కంటే అత్యవసర నిధి ఎక్కువగా అక్కరకొచ్చేది ఇప్పుడే. మీరేమో సరిగ్గా ఈ పది నెలలకే దాన్ని సగం చేస్తానంటున్నారు. కొత్త చక్రాల కోసం హెల్మెట్ అమ్ముకున్నట్టుంది.

ఇక బైక్ సంగతి. రెండు హాఫ్‌లు ఏ రోడ్ బైక్ మీద చేశారో అది ఇంకా బాగానే ఉందని మీ ఉత్తరంలోనే రాశారు. సైకిల్ మీద పోతున్నప్పుడు గాలి అడ్డుపడేది ఎక్కువగా తొక్కేవాడి ఒంటికి, ఫ్రేమ్‌కు కాదు. కాబట్టి ఉన్న బైక్‌కే క్లిప్ ఆన్ ఏరోబార్లు (మోచేతులు ఆనించి ముందుకు వంగి తొక్కడానికి హ్యాండిల్‌కు తగిలించే కడ్డీలు) బిగించుకుని, మంచి బైక్ ఫిట్ (ఒంటికి తగ్గట్టు సీటు, హ్యాండిల్ సర్దడం) చేయించుకుంటే, మీరు కోరుకుంటున్న లాభంలో పెద్ద ముక్క చాలా తక్కువ ఖర్చులో వచ్చేస్తుంది. 1978లో హవాయిలో మొదటి ఐరన్‌మ్యాన్‌కు (ఫుల్ డిస్టెన్స్ రేసుల్లో పేరున్నది) 15 మంది దిగితే 12 మంది పూర్తి చేశారు. ఏరోబార్ల వాడకం వచ్చింది ఆ తర్వాతి దశాబ్దంలో. అయినా మొదట వచ్చిన గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో ముగించాడు. ఇప్పుడు చాలా రేసుల్లో గడువు 17 గంటలు. ఆ గడువులోపు మిమ్మల్ని దాటించేది మీ కాళ్లే.

కొనాలనే మనసు గట్టిగా ఉంటే మూడో నెలాఖరు వరకు ఆగండి. అప్పటికి బేస్ ట్రైనింగ్ (నెమ్మదిగా ఓపిక పెంచుకునే మొదటి దశ) సాఫీగా సాగి, బైక్ కోసం విడిగా దాచిన డబ్బు సగమైనా పోగైతే, సెకండ్ హ్యాండ్‌లో చూడండి. కార్బన్ ఫ్రేమ్ అయితే తెలిసిన మెకానిక్‌తో పగుళ్లు చూపించాకే డబ్బివ్వండి. అప్పటికీ కుదరకపోతే ఈ సీజన్‌కు ఆ మాట వదిలేయండి. రేసు నెల రోజులుందనగా కొత్త బైక్ ఎక్కడం డబ్బుకూ మంచిది కాదు, నడుముకూ మంచిది కాదు. ఆ పొజిషన్‌కు ఒళ్లు అలవాటు పడాలంటే నెలలు పడుతుంది. ఈఎంఐ మీద తీసుకోమని ఎవరైనా చెప్తారేమో, వినకండి. రేసయిపోయాక కూడా రేసు బాకీ కట్టడం ఎంత చికాకో నా దగ్గరికొచ్చే వాళ్లను చూస్తుంటే తెలుస్తోంది.

మీ లిస్టులో పెద్ద ఖర్చులన్నీ రాశారు. రాయనివే నన్ను ఎక్కువ భయపెట్టాయి. బూట్లు చూడండి. వారానికి సగటున 35 కిలోమీటర్లు పరిగెత్తారనుకున్నా 40 వారాలకు 1,400 కిలోమీటర్లు. ఒక జత సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లకు చేతులెత్తేస్తుంది. అంటే రెండు మూడు జతలు. ఎనర్జీ జెల్స్ (దారిలో నోట్లో పిండుకునే తీపి గుజ్జు ప్యాకెట్లు) లెక్క ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. నాలుగు గంటల రైడ్‌లో గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ అనుకుంటే 240 గ్రాములు. ఒక్కో జెల్‌లో సుమారు 25 గ్రాములు ఉంటే దాదాపు పది జెల్స్ కావాలి. అలాంటి రైడ్లు 20 చేస్తే 200 జెల్స్! ట్రైనింగ్‌లో చాలావరకు సీసాలో చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లతో నడిపించండి. రేసులో వాడబోయే జెల్‌ను కడుపు ఒప్పుకుంటుందో లేదో చూసుకోవడానికి మాత్రం కొన్ని లాంగ్ రైడ్లు ఉంచుకోండి.

చైన్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. అరుగుదల కొలిచే చిన్న పరికరం ఒకటుంటుంది. దాని కొక్కెం చైన్ లింకుల మధ్య పెట్టగానే రెండో కొస లోపలికి దిగిపోయిందంటే చైన్ సాగిందన్నమాట. 11, 12 స్పీడ్ బైక్‌లకైతే (వెనక అన్ని పళ్ల చక్రాలున్నవి) 0.5 శాతం సాగగానే మార్చేయండి. ఈ ఒక్క సీజన్ లాగిద్దాం అని ఊరుకుంటే, సాగిన చైన్ వెనక క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) పళ్లను, ముందు చైన్‌రింగ్‌లను (పెడల్ దగ్గరి పళ్ల చక్రాలను) తినేస్తుంది. అప్పుడు మూడూ కలిపి కొనాలి. నెలకోసారి ఇంటి లెక్కలు రాసే రోజునే చైన్ కూడా కొలవండి.

వెట్‌సూట్ ఇప్పుడే కొనకండి. మీ రేసు జరిగే నెలలో ఆ నీళ్ల వేడి ఎంత ఉంటుందో ముందు కనుక్కోండి. ఐరన్‌మ్యాన్ నిబంధనల్లో ఔత్సాహికులకు హద్దు 24.5 డిగ్రీలు. అంతకంటే వేడిగా ఉండే చోటైతే ఆ ఖర్చే ఉండదు. చల్లని చోటైతే అద్దెకు దొరుకుతుందేమో అడగండి. కోచ్ కూడా మొదటి మూడు నెలలు అక్కర్లేదని నా అభిప్రాయం. రెండు హాఫ్‌లు చేసినవారికి బేస్ ఎలా కట్టుకోవాలో తెలిసే ఉంటుంది. బిల్డ్ (ట్రైనింగ్ తీవ్రత పెంచే తర్వాతి దశ) మొదలయ్యాక ఆ డబ్బు పెట్టండి.

ఎంట్రీ ఫీజు దగ్గర నా కథ ఒకటి చెప్పాలి. నేనొకసారి చవగ్గా వస్తోందని రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే కట్టేసి, రిఫండ్ లేని గది కూడా బుక్ చేశాను. రేసు ఆరు వారాలుందనగా పిక్క కండరం చిరిగింది. వచ్చే ఏడాదికి వాయిదా వేసుకునే అవకాశం ఉందని తెలిసి చూస్తే, దాని గడువు తొమ్మిది రోజుల కిందటే ముగిసింది. ఎంట్రీ పోయింది, గదీ పోయింది. అందరికీ డబ్బు విలువ చెప్పే నేను నిబంధనల పేజీ చివరిదాకా చదవలేదు. మీరు డబ్బు కట్టేముందే రిఫండ్, వాయిదా గడువులు క్యాలెండర్‌లో రాసుకోండి. గదికి కాస్త ఎక్కువైనా రద్దు చేసుకోగలిగిందే తీసుకోండి. విమానంలో వెళ్లేటట్టయితే సైకిల్ పెట్టెకు రానూపోనూ ఎంతవుతుందో టికెట్ కొనకముందే చూడండి.

ఇన్సూరెన్స్ సంగతి రెండు ముక్కల్లో. చాలా ట్రావెల్ పాలసీలు పోటీల్లో తగిలిన దెబ్బలకు వర్తించవు. మీ హెల్త్ పాలసీ కంపెనీని కూడా ట్రయథ్లాన్ పేరు చెప్పి అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బైక్ పక్కన పెడితే మిగిలింది రెండు నెలల జీతం. వెట్‌సూట్ తీసేసి, కోచ్‌ను ఏడు నెలలకు కుదించి, మీరు మరిచిపోయిన బూట్లు, జెల్స్, చైన్ కలిపినా ఒకటిన్నర నెలల జీతంలో సర్దుకోవచ్చని నా అంచనా. పది నెలలకు పంచితే నెలకు జీతంలో 15 శాతం. మీరిప్పుడు మదుపు చేస్తున్నది 20 శాతం. కాబట్టి 15 శాతం సీజన్ ఖాతాలోకి మళ్లించి, మిగతా 5 శాతం మదుపు నడవనివ్వండి. సీజన్ ఖాతా విడిగా ఉండాలి, అందులో డబ్బు అయిపోతే ఖర్చు ఆగిపోవాలి. పూర్తిగా ఆపొద్దని ఎందుకంటున్నానంటే, నడుస్తున్నదాన్ని పెంచడం తేలిక, ఆగినదాన్ని లేపడం కష్టం. పైగా మెడల్ మెళ్లో పడిన వారానికే తర్వాతి రేసుకు రిజిస్ట్రేషన్ తెరుచుకుంటుంది. అది చూశాక ‘మళ్లీ మొదలుపెడతాను’ అన్నమాట ఎవరికి గుర్తుంటుంది?

చివరగా, మీ శ్రీమతికి చెప్పకపోవడం. డబ్బు సంగతి అటుంచండి. పీక్ వారాల్లో 12 నుంచి 15 గంటలు ట్రైనింగ్‌కే పోతాయి. శనివారం మీరు ఆరు గంటలు సైకిల్ మీద ఉంటే పిల్లల్ని చూసుకునేది ఆవిడే. ఈ సీజన్‌లో సగం పెట్టుబడి ఆవిడది, అయినా ఆవిడకే లెక్క చూపించలేదు. ఈ ఆదివారం రెండు కాగితాలు తీసుకుని కూర్చోండి. ఒకదాని మీద పది నెలల ఖర్చు, రెండోదాని మీద వారం వారం గంటలు. ఆవిడ కొట్టేసిన పద్దులేవో నాకు రాయండి. ఎంట్రీ ఎప్పుడు కట్టాలో అవి చూశాక చెప్తాను.