ఎగ్జిబిషన్ డిజైన్: లోగో కన్నా ముందు లేబుల్ సంగతి చూడండి

చేర్యాల నకాషీ బొమ్మలతో (తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ మీద రంగులతో వేసే కథల చిత్రాలు) ఎగ్జిబిషన్ పెడుతున్నాం, లోగో, పోస్టరు, బోర్డులు, వీటిలో దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. హైదరాబాద్‌లో ఇలాంటిదానికే పనిచేశాను కాబట్టి చెప్తున్నా. బొమ్మ పక్కన అంటించే చిన్న లేబుల్‌తో మొదలుపెట్టండి. అక్కడ హాయిగా చదవగలిగిన అక్షరం పోస్టర్ మీద ఎలాగూ నిలబడుతుంది. పోస్టర్ కోసం ముచ్చటపడి ఎంచుకున్న ఫాంటు లేబుల్ సైజుకి దిగేసరికి అలుక్కుపోతుంది.

తెలుగుకి పైన గుడి, కింద వత్తు. ఇంగ్లీషుకి ఇచ్చినంత లైన్ గ్యాపే ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. నేను టైటిల్‌కి రామభద్ర, లేబుల్స్‌కి మండలి వాడాను. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. పక్కన ఇంగ్లీషు ఉంటే తెలుగు సైజు కాస్త పెంచండి, లేకపోతే వెలవెలబోతుంది.

చేర్యాల అనగానే అందరూ పోస్టరంతా ఎరుపు చేసేస్తారు. ఆ బొమ్మల వెనక రంగే ఎరుపు. పక్కన మన బోర్డు కూడా ఎర్రగా ఉంటే బొమ్మ చప్పబడిపోతుంది. తెల్లటి బోర్డు మీద ముదురు నీలం అక్షరాలు చాలు. ఇక చిత్రకారుడి పేరు. జానపద కళ అనగానే పేరు ఎగరగొట్టి ఊరి పేరుతో సరిపెట్టడం నాకు అస్సలు నచ్చదు. బొమ్మ పేరు ఏ సైజులో ఉంటే ఆయన పేరూ అదే సైజులో ఉండాలి.

పొడవాటి పటాలు (కథంతా బొమ్మలుగా వేసిన గుడ్డ చుట్టలు) ఉంటే ఇంకో పని ఉంది. కథ అడ్డపట్టీలుగా పైనుంచి కిందికి నడుస్తుంది. కథ చెప్పేవాళ్లు పక్కన లేనప్పుడు కొత్తవాళ్లకి ఏ పట్టీలో ఏం జరుగుతోందో తెలియదు. పటం పక్కన గోడ మీద ఒక్కో పట్టీకి ఎదురుగా అంకె వేసి, కంటి ఎత్తులో పెట్టిన లేబుల్‌లో అంకెకో వాక్యం రాయండి.

ప్రెస్‌కి ఫైలు ఇచ్చేముందు అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా, మార్చండి. మా ప్రూఫ్‌లో 'చేర్యాల' కాస్తా 'చేర్‌యాల' అయి వచ్చింది! యూనికోడ్ కాని పాత అను ఫాంట్లకు అలవాటుపడిన చోట యూనికోడ్ ఫైలు తెరిస్తే ఇలాంటివి మామూలే. సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ బోర్డు) మీద మెరవని మ్యాట్ లామినేషనే అడగండి. గ్లాసీ అయితే స్పాట్‌లైట్ పడి అక్షరాలు కనిపించవు. ఒక్క లేబుల్ అసలు సైజులో ప్రింట్ తీసి, హాల్లో ఆ లైట్ల కిందే అంటించి, పెద్దవాళ్లెవరి చేతనైనా చదివించాకే మిగతావి ప్రింట్‌కి ఇవ్వండి.

బాత్‌రూమ్ బాణాలు, 'బొమ్మలను తాకకండి' బోర్డులు కూడా ఇదే ఫాంటులో ఇప్పుడే చేయించుకోండి. చివరి రోజుకి వదిలేస్తే ఎవరో ఒకరు ఎ4 కాగితం మీద స్కెచ్ పెన్‌తో రాసి అంటించేస్తారు.