కొబ్బరి నీడ అంచు చూడండి

ప్రశ్న: మాది అమలాపురం. ఇళ్ల ప్లాన్లు గీసి, బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ బొమ్మలు చేసిస్తుంటాను. కాలవ గట్టున పెంకుటిల్లు చేసి చూపిస్తే ఇంటివాళ్లు "ప్లాస్టిక్ బొమ్మలా ఉందండీ" అన్నారు. కొత్త వెర్షన్లలో దీనికి మార్గం ఉందా?

జవాబు: ఉందండి, టెన్షన్ పడకండి. 2023లో వచ్చిన బ్లెండర్ 4.0 నుంచి రంగులు చూపించే పద్ధతి ఏజీఎక్స్‌కు మారింది, దాంతో మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎర్ర పెంకు మండిపోయినట్టు కాకుండా కెమెరాలో లాగే మెల్లగా తెల్లబడుతుంది. పాత ఫైల్ తెరిస్తే పాత సెట్టింగే ఉంటుంది, మీరే మార్చుకోవాలి.

అసలు సంగతి మాత్రం నీడలో ఉంది. ఒకసారి పెరట్లో కొబ్బరిచెట్టు కింద నిలబడి చూడండి, చెట్టు మొదలు దగ్గర మాను నీడ కత్తితో కోసినట్టుంటుంది, ఎక్కడో పైనున్న ఆకుల నీడ నేల మీదికొచ్చేసరికి అంచులు అలుక్కుపోతాయి, ఎందుకంటే ఆకాశంలో సూర్యుడు చుక్క కాదు, సుమారు అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. బ్లెండర్‌లో ఎండ కోసం పెట్టే సన్ లైట్‌లో యాంగిల్ సున్నా ఉందేమో చూసి 0.53 పెట్టండి. సన్ పొజిషన్ అనే యాడాన్‌లో (బ్లెండర్‌కు జతచేసుకునే చిన్న ప్రోగ్రామ్) మీ ఊరి అక్షాంశం 16.6, రేఖాంశం 82 ఇస్తే ఏ నెలలో ఏ గంటకు ఎండ అరుగు మీదికొస్తుందో అదే చూపిస్తుంది.

బొమ్మలోని గరుకు చుక్కల్ని తుడిచే డీనాయిజ్ ఉంది కదా అని శాంపిల్స్ (ఒక్కో చుక్కకు వెలుతురు ఎన్నిసార్లు లెక్కకట్టాలనే సంఖ్య) మరీ తగ్గించకండి. పెంకుల మీది నాచంతా తుడిచిపెట్టేస్తుంది, మన ఇళ్లకు అందం ఆ నాచే కదండీ.