పన్నెండేళ్ల తరువాత కూడా ఆ శబ్దం వెంటాడుతుంటే

నమస్కారమండీ. మీరు బయటపడిన ఆ పేలుడు దాడి జరిగి పన్నెండేళ్లయినా తలుపు గట్టిగా మూసుకుంటే చాలు గుండె దడదడలాడుతోందని, ఆ తేదీ దగ్గరపడితే నిద్ర పట్టడం లేదని, ఇది మీ బలహీనతేమోనని రాశారు. ముమ్మాటికీ కాదు. అలాంటి దాడి నుంచే బయటపడిన నేను చాలా ఏళ్లపాటు కాలిన వైరు వాసన తగిలితే ఉన్నచోటే కొయ్యబారిపోయేదాన్ని. మెట్ల మీద పడి ఉన్న ఒంటి చెప్పు కళ్ల ముందు మెదిలేది.

మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం, ఆనాటి శబ్దాన్ని పోలినది ఏది వినిపించినా, ఆలోచన అందుకునేలోపే శరీరాన్ని అప్రమత్తం చేస్తుంది. ఇటువంటి లక్షణాలు దీర్ఘకాలం వేధించే స్థితికి మనోవైద్యంలో 1980 నుంచి పీటీఎస్‌డీ (తీవ్రమైన ఆఘాతం తరువాత మిగిలే ఒత్తిడి రుగ్మత) అనే పేరుంది. ఏళ్లు గడిచాక మొదలుపెట్టినా చికిత్స ఫలించగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన పద్ధతుల్లో ఈఎండీఆర్ ఒకటి: చికిత్సకుల వేలి కదలికను కళ్లతో అనుసరిస్తూ ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా తలచుకోవాలి. నేనూ ఈ చికిత్స తీసుకున్నాను; మొదట్లో ఏడుపు ఆపుకోలేకపోయాను. ఇప్పుడు ఆ చెప్పు గుర్తుకొస్తుంది, కానీ నన్ను ఆ మెట్ల మీదికి లాక్కుపోదు.

"మరచిపో" అనే మీవాళ్లది ప్రేమే కావచ్చు, అయినా ఆ మాటతో మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఈ చికిత్సలో శిక్షణ పొందిన నిపుణులను ఆ తేదీకి ముందే కలవండి. ఆ రోజు టీవీ దృశ్యాలకు దూరంగా, నమ్మకమైన మనిషి తోడుగా ఉండేలా చూసుకోండి.