అర్ధరాత్రి కాంటనీస్ హోటల్లో తిన్నాక ఛాతీలో మంట... అజినొమోటోనే కారణమా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హాంకాంగ్‌లో ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లండన్ టైమింగ్స్ కాబట్టి పని అయ్యేసరికి రాత్రి పన్నెండు దాటుతుంది. ఒక్కడినే ఉంటాను. వారంలో నాలుగైదు రోజులు సాయ్ యింగ్ పున్‌లో మా వీధి కిందున్న చిన్న కాంటనీస్ హోటల్లోనే భోజనం. వేయించిన హో ఫన్ నూడుల్స్, చార్ సియూ (కాల్చిన పంది మాంసం), ఉప్పు మిరియాల స్క్విడ్, ఒక బీరు, ఆపైన రెండు సిగరెట్లు. తిన్నాక ఛాతీలో మంట, తేన్పులు. ఇంటికి మెట్లదారి ఎక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు, ఎడమ దవడ లాగినట్టు ఉంటుంది, కాసేపు నిలబడితే పోతుంది. గ్యాస్ అనుకుని హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న పాంటాప్రజోల్-డోంపెరిడోన్ క్యాప్సూల్ ఎనిమిది నెలలుగా రోజూ వేసుకుంటున్నా. రెండేళ్ల కిందట హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 6.8 వచ్చింది, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. నాన్నకు 52వ ఏట స్టెంట్ వేశారు. ఇదంతా అజినొమోటో వల్లేనా? ఆ హోటల్ మానేయాలా? వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లను అక్కడికి తీసుకెళ్లొచ్చా?

డాక్టర్ సలహా: అజినొమోటో సంగతి తర్వాత చూద్దాం. మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, దవడ లాగడం, నిలబడితే తగ్గిపోవడం... ఈ మూడూ కలిపి చెప్పిన పేషెంటును నేను గ్యాస్ మాత్ర రాసి పంపను. ముందు ఈసీజీ తీయిస్తాను. గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పి, అంటే ఆంజైనా, సరిగ్గా ఇలాగే ఉంటుంది. కడుపు నిండా తిన్నాక గుండె మీద పని పెరుగుతుంది. ఆ వెంటనే సిగరెట్లు, ఆపైన మెట్లు. కొందరిలో మామూలుగా నడిస్తే రాని నొప్పి భోజనం చేసి నడిస్తేనే బయటపడుతుంది. మిమ్మల్ని చూడకుండా, పరీక్షించకుండా ఇది గుండె నొప్పే అని నేను చెప్పలేను. కాదని తేలేదాకా మాత్రం అవునేమో అనుకునే నడుచుకోవాలి.

పైగా నాన్నగారికి 55 లోపే స్టెంట్ పడింది. సిగరెట్లున్నాయి. ఇక 6.8 అన్నది బోర్డర్ కాదండీ. 6.5 గానీ, అంతకు మించి గానీ ఉంటే షుగర్ వ్యాధి కింద లెక్క, ఇంకోసారి పరీక్ష చేసి ఖాయం చేసుకుంటాం. మీరు రెండేళ్లుగా ఆ పనే చేయలేదు.

ఈ వారంలోనే అక్కడి డాక్టరును కలవండి. ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్, బీపీ చూపించుకోండి. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చిందని సంబరపడి ఇంటికి వచ్చేయకండి. నొప్పి లేని సమయంలో అది నార్మల్‌గానే ఉండొచ్చు. ట్రెడ్‌మిల్ పరీక్షా, గుండె రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కానా అన్నది ఆ డాక్టరు నిర్ణయిస్తారు. "పరీక్షించుకుందాం" అని మీ అంతట మీరు జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కొద్దు. ఆస్పిరిన్ కూడా సొంతంగా మొదలుపెట్టొద్దు. అప్పటిదాకా తిన్న వెంటనే ఆ మెట్లదారి వద్దు, టాక్సీ ఎక్కండి. కూర్చుని ఉండగా నొప్పి వచ్చినా, నిలబడ్డా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా 999కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు.

ఇక ఆ క్యాప్సూల్స్. మా ఓపీలో గుండెపోటుతో ఆలస్యంగా వచ్చేవాళ్లలో చాలామంది చెప్పే మొదటి మాట "గ్యాస్ పట్టేసిందనుకున్నాం సార్" అనే. ఇంట్లో ఎవరో ఒకరు సోడా తాగిస్తారు, జీలకర్ర నమిలిస్తారు, మెడికల్ షాపులో మాత్ర కొనిస్తారు, నాలుగు గంటలు గడిచిపోతాయి. మీరు ఎనిమిది నెలలు గడిపారు. చదువుకున్నవారు, ఇంత వివరంగా రాయగలిగారు, ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఏమడ్డొచ్చింది?

ఆ మాత్రలో డోంపెరిడోన్ కలిసి ఉంది. వాంతులు, వికారానికి కొద్ది రోజులు వాడే మందు అది. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లోనే దీని వాడకాన్ని కుదించింది, మామూలుగా వారం మించొద్దంది. దీని మీద క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ పడితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. జలుబుకో గొంతు నొప్పికో అక్కడి క్లినిక్‌కి వెళ్లినప్పుడు ఈ క్యాప్సూల్ సంగతి చెప్పారా? చెప్పి ఉండరు. చాలామంది దృష్టిలో గ్యాస్ మాత్ర మందే కాదు, మజ్జిగలాంటిది. పాంటాప్రజోల్ కూడా భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక మంట మొదలయ్యాక కాదు. ఏళ్ల తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మొదలుపెడితే బీ12 సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ స్ట్రిప్ జేబులో పెట్టుకుని వెళ్లి డాక్టరుకు చూపించండి. ఏది ఆపాలో, ఎలా ఆపాలో ఆయన చెబుతారు.

అజినొమోటోకి వస్తే, అది మోనోసోడియం గ్లూటమేట్ అనే రుచి పెంచే ఉప్పు. దాని మీద ఈ అపవాదు 1968 నాటిది. రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే డాక్టరు అమెరికాలో చైనీస్ హోటళ్లలో తింటే మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయని ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాశారు. సోయా సాస్, వంట వైన్, ఉప్పు, అజినొమోటో అన్నిటినీ అనుమానించారు. నింద మాత్రం ఒక్కదాని మీదే నిలిచిపోయింది. తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలుగా కూరల్లో పడే మోతాదుకు ఇలాంటి బాధలు స్థిరంగా కనిపించలేదు. ఖాళీ కడుపుతో 3 గ్రాములు, అంతకు మించి తీసుకున్న కొందరికి తలనొప్పి, తిమ్మిరి లాంటివి కాసేపు రావచ్చు. ఒక ప్లేటులో సాధారణంగా అర గ్రాము కూడా ఉండదు. అదే గ్లూటమేట్ మీ అమ్మగారి టమాటా పప్పులోనూ ఉంటుంది.

మీ మంటకు నూనె, బీరు, సిగరెట్, తిన్న గంటలోపే నడుం వాల్చడం చాలు. హోటల్ మానక్కర్లేదు. రాత్రి పూట తినే ఆ 'సియూ యే' అలవాటు అక్కడివాళ్లకూ ఉంది. కాన్ఫరెన్స్‌కి వెళ్లినప్పుడు నేనూ తిన్నాను, పెద్ద పొయ్యి మంట మీద కళాయి ఎగరేస్తుంటే వచ్చే వాసనకి ఎవరైనా ఆగిపోతారు. కాకపోతే అసలు భోజనం సాయంత్రం ఏడెనిమిదికి ఆఫీసులోనే కానిచ్చేయండి. అర్ధరాత్రి ఆకలేస్తే ఉడికించిన చోయ్ సమ్ ఆకుకూర, ఆవిరి మీద చేసిన చేప. ఆయిస్టర్ సాస్ పక్కన పెట్టమనండి. ఒక పెద్ద చెంచాడు (టేబుల్ స్పూన్) సోయా సాస్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, రోజు మొత్తానికి 2 గ్రాములు దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వొంటన్ సూప్ (మాంసమో రొయ్యలో నింపిన పిండి ముద్దల సూప్) అయితే వొంటన్‌లు తిని సూప్ వదిలేయండి. గంజి తేలిక కదా అని రోజూ తినకండి. బియ్యం అంతసేపు ఉడికి మెత్తబడితే చక్కెర త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, మీకది పనికిరాదు. పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటల ముందే తినడం అయిపోవాలి.

అమ్మానాన్నలను తప్పకుండా తీసుకెళ్లండి, రాత్రి ఎనిమిదికి తీసుకెళ్లండి. నాన్నగారికి నూనె, ఉప్పు తక్కువ ఉన్నవి చెప్పండి, మెట్లు ఎక్కించకండి. ఆయన స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఆ మందు పనిని తగ్గించొచ్చు. ఆయనకు కడుపులో మంట అన్నా సరే, మీ సొరుగులోని మాత్ర ఇవ్వకండి. ఆయన ప్రిస్క్రిప్షన్లు, సరిపడా మందులు చేతి సంచిలోనే తెచ్చుకోమనండి. చెక్-ఇన్ లగేజీలో పెట్టొద్దు.