డిఫెన్స్ ఆడే పిల్లాడిని ప్రెప్ స్కూల్‌లో వేస్తే కాలేజీ హాకీకి దారి దొరుకుతుందా?

"మా వాడికి 14 ఏళ్లు, ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడతాడు. బోస్టన్ శివార్లలో ఉంటాం. ప్రెప్ స్కూల్‌లో చేర్చి తొమ్మిదో తరగతి మళ్లీ చదివించమని కోచ్ అంటున్నారు. అక్కడి నుంచి నేరుగా కాలేజీ టీమ్‌లోకి వెళ్తారా?" అని అడిగారు.

నేరుగా వెళ్లేవాళ్లు చాలా తక్కువండీ. ప్రెప్ (కాలేజీకి సిద్ధం చేసే ప్రైవేటు హైస్కూల్) అయ్యాక ఒకటి రెండేళ్లు జూనియర్ లీగ్‌లో, అంటే కాలేజీకి ముందు కుర్రాళ్లు ఆడే లీగ్‌లో ఆడి, 19, 20 ఏళ్లు వచ్చాక కాలేజీలో చేరడమే ఇప్పుడు మామూలు దారి. డిఫెన్స్ పిల్లలకైతే మరీను. మా అబ్బాయీ అలాగే వెళ్లాడు. మసాచుసెట్స్‌లో ఒక బోర్డింగ్ స్కూల్, తర్వాత జూనియర్ హాకీ, ఇప్పుడు న్యూ ఇంగ్లండ్‌లోనే ఒక డివిజన్ 3 కాలేజీ (కాలేజీ ఆటల్లో డివిజన్ 1 పై స్థాయి, 3 కింది స్థాయి). కాబట్టి ప్రెప్ ఫీజును కాలేజీ సీటుకు కట్టే అడ్వాన్సు అనుకోవద్దు. మంచి చదువు వస్తుంది, వాడికి మంచు మీద ఆడే టైమ్ దొరుకుతుంది అనుకుంటేనే కట్టండి. మిగతాది వస్తే వచ్చినట్టు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. పేరున్న డిఫెన్స్ ఆటగాడు బ్రయన్ లీచ్ కనెక్టికట్‌లోని ఏవన్ ఓల్డ్ ఫామ్స్ స్కూల్‌లో ఆడుతుండగానే 1986 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునేది) న్యూయార్క్ రేంజర్స్ 9వ స్థానంలో తీసుకున్నారు. ఆ ఏడాదే బోస్టన్ కాలేజీలో చేరాడు. 1994లో రేంజర్స్ ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్న మొదటి అమెరికన్ ఆయనే. రింక్‌లో పాతకాలం తండ్రులు ఇప్పటికీ ఈ కథే చెబుతారు. వినండి, కానీ దాన్ని బట్టి ప్లాన్ వేసుకోకండి.

రిపీట్ సంగతికొస్తాను, మన ఇళ్లలో అసలు గొడవ అదే. మా మామగారు గుంటూరు నుంచి ఫోన్ చేసి "తొమ్మిది మళ్లీ చదవడమేంటమ్మా, పిల్లాడు తప్పాడా?" అని అడిగారు. ఇక్కడి బోర్డింగ్ స్కూళ్లలో కొత్తగా చేరేవాళ్లు ఒక తరగతి మళ్లీ చదవడం మామూలే, హాకీ పిల్లలే కాదు, చాలామంది చేస్తారు. డిఫెన్స్ ఆడే పిల్లాడికి ఆ ఏడాదిలో వచ్చే ఎత్తు, బలం చాలా తేడా తెస్తాయి. కానీ ఒక లెక్క చూసుకోవాలి. డివిజన్ 1లో ఆడాలంటే ఎన్‌సీఏఏకి (కాలేజీ ఆటలను నడిపే సంస్థ) హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు, అంటే ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటి ముఖ్య సబ్జెక్టులు చూపించాలి, వాటిలో 10 ఏడో సెమిస్టర్ మొదలయ్యే లోపే పూర్తవ్వాలి. రిపీట్ చేస్తే ఏ ఏడాది నుంచి లెక్క మొదలవుతుంది, పాత స్కూల్ కోర్సుల్లో ఏవి చెల్లుతాయి అన్నది కొత్త స్కూల్ కౌన్సెలర్‌తో చేరకముందే కూర్చుని కాగితం మీద రాయించుకోండి. కోచ్ "అదంతా చూసుకుంటాం" అంటే సరిపోదు.

ఇక ఆట. ప్రెప్ సీజన్ చిన్నది. నవంబర్ చివర్లో మొదలై మార్చి మొదటి వారాలకు అయిపోతుంది. మ్యాచ్‌లు ఎక్కువగా బుధవారం, శనివారం. చాలా బోర్డింగ్ స్కూళ్లలో శనివారం పొద్దున క్లాసులు ఉంటాయి, అవి ముగించుకుని బస్సెక్కుతారు. అందుకే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా చాలామంది ట్రావెల్ టీమ్‌తో (స్కూల్‌తో సంబంధం లేని క్లబ్ టీమ్) ఆడి, తర్వాత స్కూల్ టీమ్‌లోకి మారతారు. మ్యాచ్‌లు తక్కువైనా ప్రాక్టీసులు ఎక్కువ, రింక్ క్యాంపస్‌లోనే ఉంటుంది. మాకు తెల్లవారుజామున కారు నడిపే బాధ తప్పింది. గరాజ్‌లో కిట్ బ్యాగ్ కంపు కూడా.

ఇప్పుడు డిఫెన్స్ వాళ్లకు ఎందుకు టైమ్ పడుతుందో చెబుతాను. ఇది నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. గోల్ పడితే చప్పట్లు కొట్టడం తప్ప మొదట్లో నాకేమీ తెలిసేది కాదు. అవతలి టీమ్ పక్‌ను (హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) మన మూలకు కొట్టి వదిలేస్తుంది. డిఫెన్స్ పిల్లాడు వెనక్కి తిరిగి దాని కోసం వెళ్లాలి, వెనకాలే ఒకడు మీదకి దూసుకొస్తుంటాడు. పక్ అందేలోపు భుజం మీదుగా వెనక్కి చూడాలి: వాడు ఏ పక్క నుంచి వస్తున్నాడు, మనవాళ్లు ఎక్కడున్నారు. దగ్గరపడ్డాక ఇంకోసారి చూడాలి. ఒక పక్కకు వెళ్తున్నట్టు నటించి రెండో పక్కకు తిరగాలి. అప్పుడు తలెత్తి మన ఫార్వర్డ్ స్టిక్ మీదకే పాస్ వెయ్యాలి. భయపడి బోర్డుకేసి కొట్టేస్తే పక్ మళ్లీ అవతలివాళ్లదే, మళ్లీ అర నిమిషం మన గోల్ ముందు టెన్షన్. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. 14 ఏళ్లవాడు ఒకసారి చూసుకుని వెళ్తే గొప్ప. 19 ఏళ్లకు అది అలవాటుగా వస్తుంది, దెబ్బ తగిలినా నిలబడే ఒళ్లు వస్తుంది. అందుకే కాలేజీ కోచ్‌లు డిఫెన్స్ పిల్లల విషయంలో తొందరపడరు.

మా వాడిని చూడటానికి వచ్చిన కాలేజీ కోచ్‌ల్లో ఎక్కువమంది కుర్చీల్లో కూర్చునేవాళ్లు కాదు. మూలన గాజు దగ్గర నిలబడి, పక్ కోసం వెనక్కి వెళ్లే ఆ కాసేపే చూసి నోట్ చేసుకునేవాళ్లు. ఒకాయన మూడో పీరియడ్ మొదలవకముందే వెళ్లిపోయాడు, నచ్చలేదేమో అని మా వారు కారులో ఇంటిదాకా గొణిగారు. తీరా రెండు రోజులకు మెయిల్ పెట్టింది ఆయనే. ఇంకో సంగతి, మీ వాడు కుడిచేతి షాట్ ఆడితే కొంచెం కలిసొస్తుంది, ఆ రకం డిఫెన్స్ వాళ్లు తక్కువ కాబట్టి గిరాకీ ఎక్కువ.

స్కూల్ ఎంచుకునేటప్పుడు టీమ్ ఎన్ని కప్పులు గెలిచిందని అడక్కండి. వచ్చే ఏడాది డిఫెన్స్‌లో ఎంతమంది మిగులుతారు, వాళ్లలో సీనియర్లు ఎవరు, పోస్ట్ గ్రాడ్యుయేట్ ఏడాదికి (పన్నెండో తరగతి అయ్యాక అదనంగా చదివే ఏడాది) పెద్దవాళ్లను తెస్తారా, మా వాడు మొదటి ఏడాది వర్సిటీలో (స్కూల్ ప్రధాన టీమ్) మూడో జోడీలో ఆడతాడా లేక జేవీలోనా (రెండో టీమ్) అని అడగండి. సూటిగా జవాబు చెప్పే కోచ్ దొరికితే చాలు. పేరున్న స్కూల్‌లో బెంచీ మీద కూర్చోవడం కన్నా, కొంచెం చిన్న స్కూల్‌లో పెనాల్టీ కిల్ (పెనాల్టీ వల్ల మన టీమ్‌లో ఒకరు తగ్గినప్పుడు కాచుకునే ఆట) దాకా ఆడటం మేలని నా అభిప్రాయం. మీరు బోస్టన్ దగ్గరే కాబట్టి నోబుల్స్, థేయర్, డెక్స్‌టర్ సౌత్‌ఫీల్డ్ లాంటి డే స్కూళ్లూ చూడండి, వాడు ఇంటి నుంచే వెళ్లొస్తాడు. బోర్డింగ్ అయితే చాలా చోట్ల ఏడాదికి 70,000 డాలర్లు దాటుతోంది. న్యూ ఇంగ్లండ్ ప్రెప్ స్కూళ్లలో ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వరు, ఇంటి ఆదాయం చూసి ఇచ్చే సాయమే ఉంటుంది. ఐటీ జీతాలు రెండు ఉన్న ఇంటికి అది ఎంత వస్తుందో మీరే ఊహించుకోండి.

రిక్రూటింగ్‌కి తేదీలున్నాయి. డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి ఏడాదిలో జనవరి 1 తర్వాతే పిల్లాడితో మాట్లాడొచ్చు, పదకొండో తరగతి ముందు ఆగస్టు 1 తర్వాతే నోటిమాటగా ఆఫర్ ఇవ్వొచ్చు. ఇది తెలియక ఎనిమిదో తరగతి నుంచే మెయిళ్లు పంపి జవాబు రాలేదని దిగులు పడేవాళ్లను చూశాను. ఈలోపు మాకు "ఫ్యామిలీ అడ్వైజర్" అని ఒకాయన తగిలాడు. నెలనెలా డబ్బు తీసుకున్నాడు. చేసిందల్లా మా వాడే చేసుకున్న వీడియోను కోచ్‌ల మెయిల్ లిస్టుకు పంపడం. ఆ పని పిల్లాడే చెయ్యాలి, తన పేరుతో, తన మాటల్లో.

డివిజన్ 1లో పురుషుల టీమ్‌లు 60 పైచిలుకు. ఒక్కో టీమ్‌లో డిఫెన్స్ వాళ్లు ఎనిమిది తొమ్మిది మంది, మ్యాచ్‌కి దిగేది ఆరుగురు, ఒక్కోసారి ఏడుగురు. అంటే ఏటా ఒక టీమ్‌లో ఖాళీ అయ్యేవి రెండు మూడు స్థానాలు. దానికితోడు కెనడా మేజర్ జూనియర్ లీగ్‌లలో ఆడినవాళ్లు 2025 ఆగస్టు నుంచి ఎన్‌సీఏఏలో ఆడొచ్చని రూల్ మారింది. అంతకుముందు ఆ పిల్లలకు కాలేజీ తలుపులు మూసి ఉండేవి. వాళ్లు పైనుంచి వచ్చి చేరితే, ప్రెప్ నుంచి వచ్చేవాళ్లు ఒక మెట్టు కిందికి జరగక తప్పదు. యూఎస్‌హెచ్‌ఎల్, ఎన్‌ఏహెచ్‌ఎల్, ఎన్‌సీడీసీ లాంటి జూనియర్ లీగ్‌లకు గిరాకీ పెరిగింది అందుకే. జూనియర్‌లో ఉన్నన్నాళ్లూ పిల్లలు ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటారు, బిల్లెట్ ఫ్యామిలీ అంటారు. మా వాడి బిల్లెట్ ఆవిడ వాడి కోసం రైస్ కుక్కర్ కొనుక్కొచ్చింది. ఆవకాయ సీసాను మాత్రం గరాజ్ ఫ్రిజ్‌కి తరిమేసింది.

డివిజన్ 3ని తక్కువగా చూడకండి. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, నిజమే. కానీ విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, మిడిల్‌బరీ, బౌడన్ ఆ డివిజన్‌లోనివే. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ పేర్లు వినిపించవు కానీ చదువులో ఎవరికీ తీసిపోవు. ఇలాంటి చోట కోచ్‌కి పిల్లాడు నచ్చితే, పదకొండో తరగతి అయ్యాక మార్కులను అడ్మిషన్ ఆఫీసుకు పంపి ముందే చూపించుకుంటాడు. ప్రీ-రీడ్ అంటారు. అక్కడ మార్కులు బాగోలేకపోతే ఎంత బాగా ఆడినా కోచ్ ఏమీ చెయ్యలేడు. మా వాడికి అక్కరకొచ్చింది ప్రెప్‌లో నేర్చుకున్న రాత, కెమిస్ట్రీ మార్కులు.

మీరు ఇంకా హెచ్1బీ ఉద్యోగ వీసా మీదే ఉంటే, ఇది హాకీ కోచ్‌లెవరూ చెప్పరు. పిల్లాడికి 21 నిండితే హెచ్4 (మీ మీద ఆధారపడ్డవాళ్లకిచ్చే వీసా) పోతుంది. రిపీట్ ఏడాది, జూనియర్ ఏళ్లు కలిపితే కాలేజీలో చేరిన కొద్ది నెలలకే ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాల్సి రావొచ్చు. గ్రీన్ కార్డ్ లేకుండా ప్రభుత్వ ఆర్థిక సాయం దొరకదు. నెల ఖర్చులకని డబ్బిచ్చే టీమ్ ఏదైనా పిలిస్తే సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

అప్లికేషన్ల గడువు ఎక్కువ స్కూళ్లలో జనవరి మధ్య నుంచి నెలాఖరు లోపు ఉంటుంది, ఫలితాలు చాలా చోట్ల మార్చి 10న చెబుతారు. ఈ చలికాలం ఏదో ఒక బుధవారం ఆఫీసుకు సెలవు పెట్టి, మీరు అనుకుంటున్న స్కూల్ మ్యాచ్‌కి మీ వాడితో వెళ్లండి. స్కోరు వదిలేసి ఆ టీమ్ మూడో డిఫెన్స్ జోడీ ఎన్నిసార్లు మంచు మీదకి దిగుతోందో చూడండి. వచ్చే ఏడాది మీ వాడికి దొరికేది ఆ చోటే.