లూకా పక్కన ఏటన్ సరే, కానీ ఒక్క ఏటన్ చాలడు

మీరు అడిగింది: ఆంథనీ డేవిస్‌ని ఇచ్చి లూకా దొంచిచ్‌ని తెచ్చుకున్న ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు లేకర్స్, ఈ 2025 వేసవిలో సెంటర్‌గా (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడిగా) డీఆండ్రే ఏటన్‌ని తీసుకుని సరైన పని చేశారా? బ్రూక్ లోపెజ్, క్లింట్ కపేలా, వాకర్ కెస్లర్ లాంటి వాళ్లలో ఎవరైనా మేలేమో కదా?

నన్నడిగితే ఏటనే సరైనవాడు. అయితే మ్యాచ్‌లోని నలభై ఎనిమిది నిమిషాల భారమంతా అతని మీదే వేస్తే మాత్రం మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఇంటికొస్తారు.

నేను డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటాను. లూకా డాలస్ జట్టు మావెరిక్స్‌లో ఉన్నన్నాళ్లూ వీలైనప్పుడల్లా మ్యాచ్‌కి వెళ్లేవాడిని. టికెట్ చవకని బాస్కెట్ వెనక పై వరసల్లో కూర్చోవడం అలవాటైంది. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది. పైనుంచి చూస్తే బంతి లేనివాడు ఏం చేస్తున్నాడో కూడా కనబడుతుంది. సెంటర్ విలువ తెలిసేది అక్కడే.

లూకా స్క్రీన్ (సహచరుడు అడ్డుగా నిలబడి దారి చేయడం) దాటి లోపలికి వచ్చాక పరుగెత్తడు, దాదాపు ఆగిపోతాడు. తనని కాపలా కాస్తున్నవాణ్ణి వీపు మీద మోస్తూ, నెమ్మదిగా డ్రిబుల్ చేస్తూ, అవతలి సెంటర్ వైపు చూస్తుంటాడు. ఆ సెంటర్ అర అడుగు ముందుకేశాడా, బంతి అతని తల మీదుగా రిమ్ (బుట్ట అంచు) పక్కకి వెళ్లిపోతుంది. మావెరిక్స్ సెంటర్ డెరెక్ లైవ్లీ అప్పటికే గాల్లో ఉంటాడు. సెంటర్ కదలకుండా వెనకే ఉంటే లూకా అక్కడే చిన్న ఫ్లోటర్ (ఎత్తుగా వదిలే మెత్తటి షాట్) వేసేస్తాడు. ఏం చేసినా రెండు పాయింట్లు తప్పవు. ఈ బెదిరింపు పనిచేయాలంటే రిమ్ వైపు ప్రతిసారీ ఒకడు దూసుకెళ్లాలి.

డాలస్ దగ్గర ఆ పని చేసేవాళ్లు ఇద్దరుండేవారు. 2023 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతుల వారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) పన్నెండో స్థానంలో లైవ్లీ వచ్చాడు. 2024 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి డేనియల్ గాఫర్డ్‌ని తెచ్చారు. ఒకడు అలసిపోతే ఇంకొకడు, ఒకడికి ఫౌల్స్ ఎక్కువైతే ఇంకొకడు. ఇద్దరిలో ఎవరూ పెద్ద స్కోరర్ కాదు, దూరం నుంచి షాట్లు వేసేవాళ్లూ కాదు. ఆ జట్టే ఫైనల్స్ దాకా వెళ్లి బోస్టన్ చేతిలో 4-1తో ఓడింది.

ఇప్పుడు లేకర్స్ సంగతి చూడండి. 2025 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మిన్నెసోటాతో ఐదో మ్యాచ్‌లో ఆ జట్టు టింబర్‌వుల్వ్స్ 47 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేసి ఏడే చేశారు. అంత ఘోరంగా షూట్ చేసిన జట్టు గెలవడమేంటి? గెలిచింది, 103-96తో. మిస్సయిన బంతులు వాళ్ల సెంటర్ రూడీ గోబేర్ చేతుల్లో పడుతూనే ఉన్నాయి. ఆ రోజు అతనికి 27 పాయింట్లు, 24 రీబౌండ్లు. లేకర్స్‌లో అతనికి ఎదురు నిలబడేంత ఎత్తున్న జాక్సన్ హేస్‌ని కోచ్ జేజే రెడిక్ బెంచి మీద నుంచి కదపలేదు. అంతకుముందు నాలుగో మ్యాచ్‌లో సెకండాఫ్ మొత్తం అదే ఐదుగురిని ఆడించాడు. అందులో అసలు సెంటరే లేడు. ఆ సిరీస్ చూసినంతసేపూ నాకు కడుపు మండిపోయింది. లూకా లాబ్ (రిమ్ వైపు ఎత్తుగా వేసే పాస్) వేయడానికి పైన ఎవరూ లేరు. డిఫెన్స్‌లో అతను దాటిపోనిచ్చినవాణ్ణి వెనక ఆపడానికీ ఎవరూ లేరు.

ఇక పేర్ల విషయం. లోపెజ్ అంటే నాకు చాలా గౌరవం. కానీ 2025 వేసవికే అతనికి 37 ఏళ్లు. అతని బలం బయట నిలబడి త్రీ వేయడం, డిఫెన్స్‌లో రిమ్ దగ్గర కాచుకోవడం. లాబ్ అందుకునే పని అతనిది కాదు. క్లిప్పర్స్‌కి వెళ్లాడు, మంచిదే. కపేలా హ్యూస్టన్‌లో జేమ్స్ హార్డెన్‌తో ఏళ్ల తరబడి చేసింది సరిగ్గా ఈ పనే. కాకపోతే అట్లాంటాలో 2025లో సహచర సెంటర్ ఒకోంగ్వుకి తన స్టార్టింగ్ స్థానం వదులుకున్నాడు, ఆ పాత ఎగురుడు తగ్గింది. అతను హ్యూస్టన్‌కే తిరిగి వెళ్లిపోయాడు.

కెస్లర్ విషయంలో నాకూ ఆశ ఉంది. ఆటకి సగటున పన్నెండు రీబౌండ్లు, రెండుకు పైగా బ్లాకులు. వయసూ చిన్నదే. ధరే సమస్య. లేకర్స్ ఇప్పటికే 2029 మొదటి రౌండ్ పిక్‌ని (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే హక్కుని) డాలస్‌కి ఇచ్చేశారు. ఫిబ్రవరిలో మార్క్ విలియమ్స్ కోసం డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడిష్‌లతో పాటు 2031 పిక్ కూడా ఇచ్చేయబోయారు. విలియమ్స్ వైద్య పరీక్షలో నెగ్గలేదని ఆ ట్రేడ్ రద్దు చేసుకోబట్టి అది చేతిలో మిగిలింది. దాన్ని తొందరపడి ఖర్చు చేయకూడదు. లూకా ఇంకా ఇరవైల్లోనే ఉన్నాడు. రేపు ఎవరైనా పెద్ద ఆటగాడు దొరికే అవకాశం వస్తే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

ఏటన్ పిక్ ఖర్చు లేకుండా వచ్చాడు. పోర్ట్‌లాండ్ బయౌట్ ఇచ్చి (డబ్బిచ్చి ఒప్పందం తెంచుకుని) వదిలేసింది, లేకర్స్ రెండేళ్లకి సుమారు 1.66 కోట్ల డాలర్లకి తీసుకున్నారు. 2022లో ఇండియానా ఇతనికి నాలుగేళ్లకి 13.3 కోట్ల డాలర్ల ఆఫర్ ఇస్తే ఫీనిక్స్ అంతే ఇచ్చి నిలుపుకుంది. 2018 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్. లూకా ఆ డ్రాఫ్ట్‌లోనే మూడో స్థానంలో వచ్చాడు. మెత్తటి చేతులు, ఏడడుగుల మనిషి. 2021లో క్లిప్పర్స్ మీద 0.9 సెకన్లు మిగిలి ఉండగా కోర్టు బయటి నుంచి విసిరిన పాస్‌ని రిమ్ దగ్గరే అందుకుని డంక్ చేసి గెలిపించింది ఇతనే. క్రిస్ పాల్ లాంటి పాసర్ పక్కన ఉన్నప్పుడే ఫైనల్స్ దాకా వెళ్లాడు.

నా అనుమానమూ ఇతని మీదే. 2022 ప్లేఆఫ్స్‌లో డాలస్‌తో ఫీనిక్స్ ఆడిన ఏడో మ్యాచ్‌లో సగం ఆట అయ్యేసరికి ఫీనిక్స్ జట్టంతా కలిపి 27 పాయింట్లు, లూకా ఒక్కడే 27. ఆ రోజు ఏటన్ 17 నిమిషాలే ఆడి ఐదు పాయింట్లు చేశాడు. స్క్రీన్ పెట్టాక రిమ్ దాకా వెళ్లకుండా మధ్యలో ఆగి జంపర్ (ఎగిరి దూరం నుంచి వేసే షాట్) వేసే అలవాటు అతనికి అప్పుడూ ఉంది, పోర్ట్‌లాండ్‌లోనూ ఉంది.

ఆ అలవాటు ఎందుకొస్తుందో నాకు కొంత తెలుసు. గుంటూరులో కాలేజీ రోజుల నుంచీ ఎత్తుగా ఉన్నానని నన్ను బోర్డు కిందే నిలబెట్టేవాళ్లు. ఇక్కడ రెక్ సెంటర్‌లో వారాంతాల్లోనూ అదే పని. స్క్రీన్ పెడితే అవతలివాడి భుజం పక్కటెముకల్లో దిగుతుంది. లేచి రిమ్ వైపు పరుగెడితే బంతి రాదు. మళ్లీ స్క్రీన్, మళ్లీ పరుగు, మళ్లీ బంతి రాదు. కాసేపటికి కాళ్లు వాటంతటవే ఫ్రీ త్రో గీత దగ్గర ఆగిపోతాయి. మన పరుగు వల్లే మూలలో ఉన్నవాడికి ఖాళీ దొరికిందని స్కోర్‌బోర్డు చెప్పదు. మంచి పాసర్ పక్కనుంటే మాత్రం బంతి వస్తుంది, వస్తుందని నమ్మకం ఉంటే పరుగెత్తబుద్ధేస్తుంది. ఏటన్‌ని లూకా మార్చగలడని నేను ఆశపడుతున్నది అందుకే.

కాబట్టి సీజన్ మొదలయ్యాక ఏటన్ పాయింట్లు లెక్కపెట్టకండి. స్క్రీన్ పెట్టిన తర్వాత రెండు సెకన్లు అతన్నే చూడండి. రిమ్ దాకా వెళ్తున్నాడా, మధ్యలో ఆగుతున్నాడా? బంతి అతనికి రానప్పుడు మరీ ముఖ్యంగా చూడాలి. హేస్‌ని కూడా ఈ వేసవిలో వదులుకోలేదు, అది మంచి పని. రెడిక్ అతనికి ప్రతి మ్యాచ్‌లో కనీసం పదిహేను నిమిషాలు ఇవ్వాలి, ఏటన్ బాగా ఆడుతున్న రోజు కూడా. అప్పుడే ఏప్రిల్‌లో గోబేర్ లాంటివాడు ఎదురైతే ఇద్దరూ సిద్ధంగా ఉంటారు.